గడ్డి శాంతయ్య గొంతు

రా బిడ్డా, కూసో. ఆ కుర్చీల వద్దు, దాని ఒక కాలు నమ్మేటట్టు లేదు. ఈ మంచం మీద కూసో. నువ్వొస్తున్నవని తెలిసి పొద్దున్నే గడ్డం గీసుకున్న, చూసినవా. ఎనభై దాటినోనికి ఇంక షోకేందని మా కోడలు నవ్వింది. షోకు కాదు అది, మర్యాద. పోయినోళ్ల ముచ్చట చెప్పేటప్పుడు మనిషి మొఖం సాఫుగ ఉండాలె. ఇప్పటోళ్లకు ఆ గుణం లేదు, మాసిన గడ్డాలతోటే కూసోని పెద్దోళ్ల పేర్లు ఎత్తుతరు. నేను మీ తాత మీది గౌరవంతోటి అద్దం ముంగట అరగంట నిలబడ్డ. చూసుకున్నది నా మొఖమే అనుకో, గని గౌరవం మాత్రం మీ తాతకే.

మన ఏసయ్య గుడికి డెబ్బై అయిదేండ్లు నిండుతున్నయని పాతోళ్ల సంగతులు రాస్తున్నవట గద. మంచి పని. రాసుకో మరి. మీ తాత శాంతయ్య మంచోడు. అయిపోయింది. ఏంది, గింతేనా అంటవా? రాసుకునేది గంతే బిడ్డ. మిగిలింది రాసుకునేది కాదు, ఇనేది. ఆ కలం జేబుల పెట్టుకో. పెట్టుకున్నవా? అయితే ఇను. నేను మీ తాత మీద యాభై ఏండ్లకు పైన కుళ్లుకున్న. ఆయన పోయి ముప్పై ఏండ్లు దాటింది, కుళ్లు మాత్రం నాతోటే ఉన్నది, ఆరోగ్యంగ ఉన్నది. ఆయన మనుమనివి నువ్వు ఇంటికొచ్చి అడుగుతుంటే పొగిడి పంపిస్తే అబద్ధమైతది. నాకు అబద్ధమంటే ఇష్టం లేదని కాదు, ఈ వయసుల యాదికుంచుకోవుడు కష్టం.

అప్పట్ల మీ తాతను గడ్డి శాంతయ్య అంటుండిరి. మీది చిన్న మంగళారం గద, అక్కడ వాగు పొంటి పచ్చగడ్డి కోసి, మోపులు కట్టి, బండికెత్తి, మొయినాబాద్ మీదికెల్లి పట్నం తోలుకపోయి అమ్మేటోడు. పట్నంల అప్పుడు అన్నీ టాంగాలే. గుర్రమున్న ప్రతి ఇంటికి, టాంగా తోలే ప్రతి మనిషికి మీ తాత ఎరుకే. గల్లీల పొంట అరుసుకుంట పోవాలె. "ఘాస్... హరీ ఘాస్..." అని రాగం తీస్తే, మేడ మీద మధ్యాహ్నం నిద్ర పోతున్న నవాబు సాబు లేసి కూసునేటోడు, లాయంల గుర్రం సకిలించేది. గుర్రం సకిలించుడు నేను ఇనలేదు గని మీ తాత చెప్పిండు. అబద్ధమాడితే ఆడిండు, నమ్మేటట్టు ఆడిండు. అది గూడ నాకు కుళ్లే. నేను నిజం చెప్పినా మా చేవెళ్లల ఒక్కడు నమ్మకపోయేది.

నా సంగతి చెప్పాలె గద. నేను బట్టలు కుట్టేటోన్ని. ఎవ్వల దగ్గర నేర్సుకోలే. ఒక పాత అంగి దొరికితే కుట్లన్ని విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మల్ల కుట్టిన. కుట్టినంక ఒక ముక్క మిగిలింది. అట్ల నేర్సుకున్న విద్దె నాది. చదువు గూడ గట్లనే, గుడిల పాటల పుస్తకం ముంగటేసుకొని, పాడేటోళ్ల నోరు చూసుకుంట అక్షరాలు పట్టిన. అందుకే ఇప్పటికి నాకు ఏ కాయితమిచ్చినా రాగం తీసి చదువుత. మా ఇంటామెది చిన్న మంగళారమే. మీ తాతది, ఆమెది ఒక్కటే గల్లి. ఇద్దరు ఒక్క ఈడోళ్లు, ఒక్క దగ్గర ఆడుకున్నరు, మిషనోళ్ల బడిల ఒక్క చాప మీద కూసున్నరు. పెండ్లి మాట గూడ ఒకసారి లేసింది అంటరు. మా అత్త బీరమ్మ వద్దన్నదట. "ఎప్పుడు తోవల మీద ఉండేటోనికి పిల్లనిస్తే, పిల్ల తోవ చూసుకుంటనే ముసలిదైతది" అన్నదట. అట్ల నా అదృష్టం కలిసొచ్చింది. నేను ఎప్పుడు ఇంట్లనే ఉండేటోన్ని గద, ఎటు పోయే తెలివి లేక.

పేరు సంగతి ఇప్పుడే చెప్పాలె, లేకుంటే నీకు ముంగట సమజ్ కాదు. మా కాలంల ఆలి మొగని పేరు అనకపోయేది. అంటే మొగని ఆయుష్షు తగ్గుతదని. మేం ఏసయ్యను నమ్ముకున్నోళ్లం, గిసొంటివి వద్దని మా గుడి పాస్టరు సాలోమోను అయ్యగారు ఎన్నోసార్లు చెప్పిండు. ఆయన మాట మీద అన్నీ విడిసిపెట్టినం, ఇదొక్కటి విడువలే. ఆయుష్షు ముచ్చట గద, ఎవ్వలు పందెం కాస్తరు. మా పెండ్లిల ఏమైందనుకున్నవు? గుడిల ప్రమాణం చెయ్యాలె గద, ఫలానా అనే నేను ఫలానా అనే నిన్ను పెండ్లి చేసుకుంటున్న అని. అయ్యగారు "ప్రేమదాసు అనే నిన్ను" అన్నడు. ఆమె "నిన్ను" అన్నది. అయ్యగారు మల్ల అన్నడు. ఆమె మల్ల "నిన్ను" అన్నది. మూడోసారికి బీరమ్మ లేసి, "అయ్యగారూ, ఆ పేరేదో మీరే అనుండ్రి, పిల్ల తలకాయ ఊపుతది" అన్నది. గుడంత నవ్వింది. మరి నా వంతు వచ్చింది. నేను మొగోన్ని, నాకు అడ్డమేమున్నది? గని మందిల పెండ్లాం పేరెత్తితే దోస్తులు ఏడిపిస్తరని సిగ్గు. ఆమె పేరు గొంతుల దాక తెచ్చుకొని మింగిన. ఇంటికొచ్చినంక మొగోడు పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే ఆడంగోడని అంటుండిరి. నేను "ఇగో" అనేటోన్ని, ఆమె "ఇంటున్నవా" అనేది. ఇగో, ఇంటున్నవా. గవే మా పేర్లు. మీ తాత మాత్రం ఆమెను పేరు పెట్టి పిలిచేటోడు. చిన్నప్పటి అలవాటు. ఆమె గూడ "శాంతయ్యా" అనేది. నాకు ఆ పేరు ఇంటే అన్నంల రాయి తగిలినట్టుండేది.

ఇగ అసలు సంగతి. లడాయి నడుస్తున్న ఏండ్లు అవి, నలభై ఒకటో, రెండో. మా పెండ్లయి రెండేండ్లు. మా ఇంటామె అక్కను ఇబ్రహీంపట్నం ఇచ్చిన్రు, వాళ్ల పోరనికి బాప్తిస్మమని కబురొచ్చింది. ఇబ్రహీంపట్నమంటే పట్నం దాటి అవతల. మాకు బండి లేదు. ఎవ్వలను అడగాలని నేను ఇంక ఆలోచన చేస్తుంటనే, ఈమె వాళ్లూరికి కబురంపింది, మీ తాత బండి కట్టుకొని వచ్చిండు. "బావా, నేను తోలుకపోత, నాకు గూడ అటు పనున్నది" అన్నడు. నాకు తెలుసు, పనేం లేదు. మంచితనంతోటే అన్నడు. నాకు కోపమొచ్చేది గా మంచితనం మీదనే. మీ తాత ఎడ్లు గూడ ఎసొంటియి, తెల్లగ మల్లెపూల లెక్క, ఒక దాని కొమ్ముకు ఇత్తడి కుప్పె. నేను దగ్గరికి పోతే తలకాయ అటు తిప్పుకున్నయి.

సాలోమోను అయ్యగారు ఒక్క మాట చెప్పి పంపిండు. ఆదివారం నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టొద్దు. అందుకని లెక్క ఏమాయెనంటే, శుక్రవారం బయలెల్లి శనివారం పొద్దుగాల్ల పట్నం చేరుడు, ఆదివారమంత అక్కడనే ఉండుడు, సోమవారం తెల్లారగట్ల మల్ల కట్టుడు. రెండు దినాలు పట్నంల. మా ఇంటామె పట్నం ఎన్నడు చూడలే. నేను చూసిన. ఒక్కసారి. అది గూడ చిన్నప్పుడు, జ్వరంతోటి, దవాఖాన దాక. గని ఆమెకు రెండేండ్ల సంది పట్నం ముచ్చట్లు చెప్తనే ఉన్న, అక్కడ పుట్టినట్టు.

పట్నం పోతున్నమని నేను కోటు తీసిన. ఆ కోటు సంగతి ఇను. మిషనోళ్లకు అమెరికా నుంచి పెట్టెలల్ల పాతబట్టలు వస్తుండె, పండుగకు పంచుతుండిరి. నాకు ఒక ఉన్ని కోటు వచ్చింది, ఎర్రమన్ను రంగు, ఇంతింత కట్టె గుండీలు. ఏ దొర తొడిగిండో, నాకంటె జానెడు పొడుగున్నడు. చేతులు పొడుగున్నయని కత్తిరించి కుట్టిన. కుడి చెయ్యి సరిపోయింది. ఎడమ చెయ్యి జర పొట్టిగయింది. దర్జీ తొడుక్కున్న కోటే అట్ల ఉంటే, మందికి కుట్టినయి ఎట్ల ఉండెనో నువ్వే అర్థం చేసుకో. మాఘమాసం ఎండ, మిట్టమధ్యాహ్నం, ఉన్ని కోటు. చెమట చెవుల ఎనుక నుంచి కారుతున్నది. "ఇడువరాదు" అన్నది ఆమె. "పట్నంల గిట్లనే ఉంటరు" అన్న.

బండిల ముచ్చట చెప్పన్నా వద్దా? చెప్త. మీ తాత ముంగట కూసోని తోలుతున్నడు, ఆమె ఎనుక, నడుమ నేను. ఇద్దరు నా మీదికెల్లి మాట్లాడుకుంటున్నరు. "యాదికున్నదా, సుక్కమ్మ పెరట్ల జామకాయలు?" "నువ్వే ఎక్కిస్తివి, నేనే దెబ్బలు తింటి." "నీకు తినుడు రాలే, ఉరుకుడు రాలే." ఆమె నవ్వుడు. మొయినాబాద్ దాటే వరకు లెక్కపెట్టిన, పదకొండు సార్లు నవ్వింది. మా ఇంట్ల రెండేండ్లల్ల నేను లెక్కపెట్టినయి అన్ని లేవు. నేను గూడ ఒక జోకు చెప్పిన. గండిపేట చెరువు చూపిచ్చి ఏదో అన్న. ఇద్దరు మర్యాదకు ఆగి, "ఆహా" అన్నరు. మల్ల జామకాయలకాడికే పోయిన్రు.

శనివారం పురానాపూల్ అవతల, బండ్లు ఆగే జాగల దిగినం. మీ తాత దిగుడే ఆలస్యం, టాంగావాలలు వచ్చి సుట్టుముట్టిన్రు. "అరె శాంతయ్యా, ఆజ్ ఘాస్ నై లాయే?" గడ్డి తేలేదా అని. ఒకడు భుజం మీద చెయ్యేసిండు, ఒకడు బీడీ ఇచ్చిండు. ఆ పట్నంల గడ్డి అమ్మేటోనికి గంత ఇజ్జత్. కోటు తొడుక్కున్న నా దిక్కు ఒక ముసలి టాంగావాల చూసి, "యే సాబ్ కౌన్?" అని, ఈ సాబు ఎవ్వలని అడిగిండు. సాబ్ అన్నడని నేను జర నిటారుగ నిలబడ్డ. మీ తాత నవ్వకుంట, "మా బావ, చేవెళ్లల పెద్ద దర్జీ" అన్నడు. చూసినవా ఆయన పని? నన్ను పొగిడే పని గూడ ఆయనే చేసిండు, నాకు ఇడువలే.

మధ్యాహ్నం తిని జర నడుము వాల్చినంక, "బావా, ఎడ్లకాడ నేనుంట, మీరిద్దరు పోయి చార్మినార్ చూసి రాండ్రి" అన్నడు. "తోవ చెప్పన్నా?" అన్నడు. "నాకు తెల్వదా" అన్న. "ఒక్కటి బావా, పత్తర్‌గట్టీల మంది ఎక్కువ. ఆమెను ముంగట పెట్టుకొని నడువు, ఎనుక గాదు." ఇది ఇనంగనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పెండ్లాన్ని ఎక్కడ పెట్టుకోవాలెనో ఈయన చెప్పుడేంది? మొగోడు ముంగట, ఆడామె నాలుగడుగులు ఎనుక, గట్లనే గద మేం నడిచేది. ఇగ నేను పంతానికి పది అడుగులు ముంగట నడిచిన.

పత్తర్‌గట్టీ చూసినవు గద, రెండు దిక్కుల రాతి కంబాలు, కమాన్లు, వాటి కింద దుకాణాలు. అప్పుడు కొత్తగ ఉండె, మెరుస్తుండె. అత్తరు దుకాణం, జరీ దుకాణం. మా ఇంటామె ప్రతి దాని దగ్గర ఆగుతున్నది, నేను తిరిగి చూడకుంట పోతున్న. ఒక్కకాడ మాత్రం నేనాగిన. అద్దాల దుకాణం. నిలువుటద్దం, మనిషంత కనపడేది. బిడ్డా, అప్పటి దాక నన్ను నేను చేతి అద్దంలనే చూసుకున్న, ఒకసారి ముక్కు, ఒకసారి చెంప, తునకలు తునకలుగ. మొత్తం నేను ఎట్లుంటనో నాకు తెల్వదు. నిలబడిపోయిన. ముంగట నుంచి చూసిన, పక్క నుంచి చూసిన. గుండీ పెట్టి చూసిన, తీసి చూసిన. ఎడమ చెయ్యి పొట్టిగున్నదని ఆడనే కనిపెట్టిన, దాన్ని కిందికి గుంజుకుంట ఇంకింతసేపు చూసిన. అప్పుడే ఒక పెండ్లి బరాత్ వచ్చింది. మర్ఫా డప్పులు, గుర్రం మీద పిలగాడు, ముంగట ఎగిరేటోళ్లు, ఎనుక మంది. ఆ మంది ఏరు లెక్క వచ్చి పోయింది. నేను అద్దంల నుంచి తలకాయ తిప్పి చూస్తే, మా ఇంటామె లేదు.

నేను పరేషాన్ అయిన, అది నిజం రాసుకో. ఆఁ, కలం తియ్యకు, ఊకె అన్న. మందిల అటు చూసిన, ఇటు చూసిన. అప్పుడు ఇనవడ్డది ఆమె గొంతు, రోడ్డుకు అవతలి దిక్కు కెల్లి. "ఇగో... ఇంటున్నవా..." అని. ముప్పై మంది మొగోళ్లు తిరిగి చూసిన్రు. తెలుగు వచ్చినోళ్లందరిని పెండ్లాలు గట్లనే పిలుస్తరు గద. ఒక మీసాలాయన అయితే, "ఇంటున్న చెప్పు" అన్నడు. ఆమె గొంతు ఆగింది. నేను కాలు లేపిన, రోడ్డు దాటి పోదామని. లేపిన కాలు లేపినట్టే ఉన్నది, అప్పుడు మల్ల ఇనవడ్డది.

"శాంతయ్యా..."

అక్కడ శాంతయ్య లేడు బిడ్డ. మీ తాత పురానాపూల్ కాడ ఎడ్లకు నీళ్లు పెడుతున్నడు. ఆమెకు ఎరుకే. లేని మనిషిని పిలుస్తున్నది. ఉన్న మొగన్ని నేను ఇక్కడ ఉన్న. నా కాలు కిందికి దిగింది. నేనేం చేసిననుకున్నవు? రాతి కంబం ఎనుకకు జరిగిన. చూద్దాం, ఎన్నిసార్లు పిలుస్తదో, ఎవ్వడొస్తడో చూద్దాం అనుకున్న. ఏడుసార్లు పిలిచింది. నేను లెక్కపెట్టిన, లెక్కలు నాకు మంచిగ వస్తయి. మూడోసారికి గొంతుల భయముండె. అయిదోసారికి ఏడుపుండె. ఏడోసారి మెల్లగ అన్నది, ఎవ్వల కోసమో కాదు, ఊకెనే అన్నట్టు. అయిపోయింది. ఇంకోసారి పిలిస్తే పోదామనుకున్న. ఎనిమిదోసారి రాలే. నేను బయటికొచ్చి చూసే వరకు అక్కడ అత్తరు అమ్మేటోడు తప్ప ఎవ్వలు లేరు.

ఎంత తిరిగిననో నాకే తెల్వదు. గాజుల గల్లీలకు పోయిన, మల్ల వచ్చిన. నోరు తెరిచి పిలువలే. ఏమని పిలవాలె? ఇగో అన్నా? పొద్దు గుంకే యాళ్లకు ఒక్కన్నే పురానాపూల్ చేరిన. మీ తాత ఎడ్లను రుద్దుతున్నడు. నన్ను చూసి, నా ఎనుక చూసిండు. "ఆమేది బావా?" "మందిల తప్పిపోయింది." "పిలిచినవా?" "పిలువకుంట ఉంటనా, గొంతు పోయేటట్టు పిలిచిన." "పేరు పెట్టి?" నేను ఎడ్ల దిక్కు చూసిన. మీ తాత రుమాలు నెత్తికి చుట్టుకున్నడు, పగ్గం నా చేతుల పెట్టిండు, ఉరికిండు.

ఏం చేసిండో తర్వాత టాంగావాలలు చెప్పిన్రు. పురానాపూల్ నుంచి చార్మినార్ దాక, గాజుల గల్లీ మీదికెల్లి, గడ్డి అమ్మే రాగంలనే ఆమె పేరు పిలుసుకుంట పోయిండట. ఘాస్ అనే తాన ఆమె పేరు. మేడల మీద మనుషులు బయటికి తొంగి చూసిన్రట, గడ్డి పేరు మారిందేందని. ఎదురొచ్చిన ప్రతి టాంగావాలకు చెప్పిండు, వాళ్లు గూడ అందుకున్నరు. నేను పగ్గం పట్టుకొని కూసున్న. ఒక టాంగా వచ్చి ఆగింది, "మిల్ గయీ క్యా?" అని ఆమె పేరు పెట్టి అడిగిండు, దొరికిందా అని. లేదన్న. ఇంకొకడు వచ్చిండు, ఆమె పేరుకు చివర బీ తగిలిచ్చి అడిగిండు. ఇంకొకడు సగం పేరే అన్నడు, సగం మరిచిపోయిండు. బిడ్డా, రెండేండ్ల సంది నా నోట్లకు రాని పేరు ఆ పొద్దు పట్నమంత నోట్ల వేసుకొని తిరిగింది. ఒక్క గుర్రాలకే రాలేదు. నేను భార్య దొరుకుతదా లేదా అని ఏడ్వాలె గద? ఏడ్చిన. గని ఏడ్చుకుంట గూడ లోపల ఒకటే కుతకుత, వీళ్లందరు ఎవ్వలు ఆమె పేరు అనేటందుకని. మనిషి మనసుల జాగ చాన ఉంటది, రెండు ఒక్కసారే పడ్తయి.

దీపాలు పెట్టంగ టాంగా వచ్చింది. ఆమె లోపల కూసున్నది, మీ తాత మెట్టు మీద నిలబడి వస్తున్నడు. గాజులమ్మే ఒక ముసలి బీబీ ఆమెను దుకాణంల కూసోబెట్టుకున్నదట. మొగని పేరేందని అడిగితే ఈమె తలకాయ దించుకున్నదట. ఆ బీబీ నవ్వి, "నేను గూడ నలభై ఏండ్ల సంది మా ఆయన పేరు అనలే, కూసో, వాళ్లే పిలుస్తరు" అన్నదట. పిలిచిండు, వాడు. మీ తాత. నన్ను చూసి ఏదో అనబోయిండు, గొంతు రాలే. పిలిచి పిలిచి పోయింది. తర్వాత వారం దినాలు గడ్డి అమ్మలేకపోయిండట, గల్లీలల్ల సైగ చేసుకుంట తిరిగిండట. బతుకుదెరువు గొంతు అది. మా ఇంటామె పేరు మీద ఊడగొట్టుకున్నడు. నాది నిక్షేపంగ ఉన్నది, ఒక్కసారి గూడ వాడలే గద. ఆ రాత్రి ఆమె నాకు అన్నం పెట్టింది, నీళ్లిచ్చింది, పోయి బండిల పండుకున్నది.

ఆదివారం పట్నం గుడికి పోయినం. అటెన్క ఆ ముసలి టాంగావాల ఊకెనే ఎక్కించుకొని తిప్పిండు. తోట చూపిచ్చిండు, ఇరానీ చాయ్ తాపిచ్చిండు. సాసర్ల పోసుకొని ఊదుకుంట తాగాలెనని మీ తాత సైగలతోటి నేర్పిచ్చిండు, గొంతు లేదు గద. ఆమె నవ్వింది. గొంతు లేకుంట గూడ నవ్వించిండు, చూసినవా. నేను గొంతు ఉండి చాయ్‌తోటి నాలిక కాల్చుకున్న.

సోమవారం తెల్లారగట్ల బండి కట్టినం. పట్నం ఎనుకవడ్డది. అప్పుడు ఆమె, నా దిక్కు చూడకుంట, తోవ దిక్కు చూసుకుంట అన్నది. "నీ కోటు కనవడ్డది."

"ఏడ?" అన్న.

"రాతి కంబం ఎనుక. ఒక చెయ్యి పొట్టిగున్నది."

"మరి నా దగ్గరికి రాకపోయినవా" అన్న. "నువ్వొస్తవేమోనని చూసిన. ఏడుసార్లు పిలిచిన గద" అన్నది. ఆమె గూడ లెక్కపెట్టింది. "రాకపోతివి. ఇగ నేను ఇటు తిరిగి పోయిన." నాకు అప్పుడన్న బుద్ధి రావాలె గద? రాలే. "శాంతయ్య పేరెందుకు పిలిచినవు?" అని అడిగిన. "నీ పేరు అనొద్దాయె. ఏదో ఒక పేరు అంటే నా గొంతు గుర్తుపడ్తవని." "అట్లయితే ఏసయ్యా అనకపోయినవా." "దేవుని పేరు బజార్ల గాజులమ్మినట్టు అరుస్తరా." మల్ల అన్నది, "గుర్తుపట్టినవు గద. గుర్తుపట్టకపోతే బాగుండు."

మీ తాత ముంగట కూసోని అన్నీ ఇన్నడు. తిరిగి చూడలే. గొంతు లేదు గనుక నాలికతోటి టక్ టక్ అని ఎడ్లను అదిలిచ్చిండు. గంతే. అసలు నా కుళ్లు ఎక్కడ మొదలయిందో ఇప్పుడు చెప్త ఇను. మీ తాత చేతుల నా సంగతి ఉన్నది. పెండ్లాం పిలుస్తుంటే కంబం ఎనుక దాక్కున్న మొగోడు. చేవెళ్లల ఒక్క కల్లు దుకాణంల చెప్తే చాలు, నేను ఊరు విడిసిపోవాలె. ఆయన చెప్పలే. ఆ ఏడు చెప్పలే, పదేండ్లకు చెప్పలే. మా అత్త ఇచ్చిన పొలం గట్టుకాడ మా ఇద్దరికి తగువు పడ్డప్పుడు గూడ, నేను నోటికొచ్చినట్టు తిట్టినప్పుడు గూడ, నోట్ల పెట్టుకొనే పోయిండు. నేనైతేనా, మొయినాబాద్ దాటక ముందే ఎడ్లకన్న చెప్పేటోన్ని. మన తప్పు తెల్సి, అది వాడుకోని మనిషి పక్కన బతుకుడు ఎంత కష్టమో నీకు తెల్వదు బిడ్డ. వాడుకుంటే బాకీ తీరిపోతుండె. ఆయన తీర్చనియ్యలే.

ఆమె నన్ను విడువలే. నలభై ఆరేండ్లు చేసింది సంసారం, ముగ్గురు పిల్లలు. మల్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలే. గని ఆ తర్వాత ఆమె నన్ను దూరం నుంచి పిలుసుడు బంద్ చేసింది. చేనుకాడ పని ఉంటే నడిచి దగ్గరికి వచ్చి చెప్పేది. నాకు అప్పుడు సమజ్ కాలే, కాళ్లున్నయి, నడుస్తున్నదనుకున్న. ఆమె పోయి పదకొండేండ్లు. బొంద కాడ కొత్త పాస్టరు ప్రార్థన చేద్దామని, "తాతా, అవ్వ పేరు?" అని నన్నే అడిగిండు. అందరు చూస్తున్నరు. నా పెద్దకొడుకు చెప్పిండు.

ఏంది? ఆమె పేరు రాసుకుంటవా? గుడి రిజిస్టర్ల ఉన్నది పో, శనివారం పోతే గుడి చూసుకునే పాండు తీసి చూపిస్తడు. నన్నడగకు. ఇప్పుడు అనొద్దనేటోళ్లు ఎవ్వలు లేరు, ఎగతాళి చేసే దోస్తులు గూడ అందరు బొందలల్ల ఉన్నరు. పొద్దుగాల్ల ఇంట్ల ఎవ్వలు లేనప్పుడు మేకలకాడికి పోయి నిలబడ్త. నోరు తెరుస్త. ఇగో అని వస్తది. మల్ల తెరుస్త, మల్ల ఇగో అనే వస్తది. బట్టలు కుట్టుడు సొంతంగ నేర్సుకున్న, చదువు సొంతంగ నేర్సుకున్న. ఆమెను పేరు పెట్టి పిలుసుడు మాత్రం నాకు ఇంక రాలే.